మొగ్గల మీద దొరికిన జాడ

తేనెపెట్టె మూత ఒక్కోసారి ఎంత లాగినా ఊడిరాదు. సందుల్లో గోధుమరంగు బంక పట్టేసి ఉంటుంది. ఎండకు మెత్తబడి వేళ్ళకు సాగుతుంది, చలికి పెళుసై పెటుక్కున విరుగుతుంది. దాని పేరు ప్రొపోలిస్. మన దేశవాళీ ఈగ దీని జోలికి పెద్దగా పోదు. యూరప్ ఈగ మాత్రం పట్టులో ఎక్కడ పగులు కనిపించినా దీనితోనే పూడుస్తుంది.

ఈ బంక ఎక్కణ్ణుంచి వస్తుంది? పాప్లర్ చెట్ల జిగురు నుంచని రోమన్ పండితుడు ప్లినీ ఒకటో శతాబ్దంలోనే రాశాడు. రాయడం వేరు, ఈగ ఆ జిగురు తీస్తుండగా చూడడం వేరు.

దాన్ని తేల్చింది చూపు లేని మనిషి. జెనీవాలో 1750లో పుట్టిన ఫ్రాన్స్వా హ్యూబర్‌కు చిన్న వయసులోనే కళ్ళు మసకబారి, క్రమంగా పూర్తిగా పోయాయి. సేవకుడు బుర్నెన్స్, భార్య, కొడుకు పియేర్: వీళ్ళ కళ్ళే ఆయన కళ్ళు. ఆయన అడుగుతాడు, వాళ్ళు చూసి చెబుతారు, నమ్మకం కుదరకపోతే మళ్ళీ చూడమంటాడు. బంక మోసుకుని గూటికి వచ్చే ఈగలు బోలెడు. చెట్ల మీద వెతికితే ఒక్కటీ చిక్కదు. ఏళ్ళు గడిచాయి.

చివరికి ఆయన ఎదురు ఆలోచన చేశాడు. ఈగ వెంట చెట్టు దాకా పోలేకపోతే చెట్టునే ఈగ దగ్గరికి తెస్తే? ఒక జూలైలో, వసంతంలో నరికిన అడవి పాప్లర్ కొమ్మలు తెప్పించి, కుండీల్లో గుచ్చి, ఈగలు బయటికి వెళ్ళే దారిలో పెట్టించాడు. లావుపాటి మొగ్గల నిండా ఎర్రటి, వాసనగల జిగురు. పావుగంట గడిచిందో లేదో ఒక ఈగ వాలింది. మొగ్గ పొరను దవడలతో విడదీసింది. జిగురును దారంలా లాగి, ఉండచేసి, ఒక కాలి మీది బుట్టలాంటి గుంటలో పెట్టుకుంది. ఇంకో మొగ్గ నుంచి రెండో కాలికి. ఎగిరిపోయింది. కాసేపటికే మరో ఈగ వచ్చి అదే పని మొదలుపెట్టింది. ఆ కొద్ది నిమిషాలు ఆ ఇంట్లో ఎంత ఆనందం నిండి ఉంటుందో!

అయినా అనుమానం చావలేదు. పుప్పొడి ఈగ కడుపులో అరిగినప్పుడు ఈ బంక పుడుతుందని 1911లో జర్మనీలో కూస్టెన్‌మాఖర్ అనే పరిశోధకుడు వాదించాడు. జవాబు రసాయనశాస్త్రం ఇవ్వాల్సి వచ్చింది. బంకలో గాలంగిన్, పినోసెంబ్రిన్ అనే మొక్కల రసాయనాలు (ఫ్లేవనాయిడ్లు) బయటపడ్డాయి. పాప్లర్ మొగ్గల్లోనూ అవే. (దుంపరాష్ట్రం జాతి దుంపల్లో దొరికేదే ఈ గాలంగిన్, పేరూ ఆ దుంపదే.) 1987లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు మొగ్గ జిగురునూ బంకనూ పక్కపక్కన విశ్లేషిస్తే హ్యూబర్ సహాయకులు చూసినదే నిజమని తేలింది. లేత మొగ్గను కాపాడుకోవడానికి చెట్టు తయారుచేసుకున్న కవచాన్ని ఈగ అరువు తెచ్చుకుంటోంది. పినోసెంబ్రిన్ వంటివి బూజును, శిలీంధ్రాలను అణచగలవు.

కథ పాప్లర్‌తో ఆగలేదు. బ్రెజిల్‌లో బంక ఆకుపచ్చగా ఉంటుంది. అక్కడ ఈగలు బకారిస్ అనే పొద లేత చిగుళ్ళను కొరికి జిగురు తెస్తాయి. అందులోని ముఖ్య పదార్థమూ వేరే, ఆర్టెపిలిన్-సి. ఊరు మారితే చెట్టు మారుతుంది, చెట్టు మారితే మందు మారుతుంది.

మరి ఈగకు దీనితో ఏం పని? సందులు పూడ్చడానికే అనుకున్నారు చాలాకాలం. అమెరికాలో శాస్త్రవేత్తలు సిమోన్-ఫిన్‌స్ట్రోమ్, మార్లా స్పివాక్ ఇంకో కోణంలో చూశారు. పిల్లపురుగులను సుద్దముక్కల్లా గట్టిపరిచే చాక్‌బ్రూడ్ అనే శిలీంధ్రాన్ని కావాలనే పట్టులకు సోకించారు. ఆ పట్టుల నుంచి జిగురు కోసం వెళ్ళే ఈగలు పెరిగాయి! లోపల ముందే బంక సారం పూసి ఉంచిన పెట్టెల్లో జబ్బు తీవ్రత తగ్గింది. ఈ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి.

పెట్టెల్లో యూరప్ జాతికి చెందిన ఇటాలియన్ ఈగలను పెంచే రైతులకు ఒక్క మాట: చట్రాలు కదలకుండా అడ్డుపడే బంకను గీకితే గీకండి, గోడలకు పట్టినదాన్ని మాత్రం అలాగే ఉండనివ్వండి.