మాత్ర దిగని గొంతులు



పోయిన నెల తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన కథ రాశాం. దాని మీద కామెంట్లలో వాదాలు ఇంకా నడుస్తున్నాయి, నడవనివ్వండి. ఈసారి రాజకీయం జోలికి పోకుండా ఇంటి లోపలి సంగతి రాస్తున్నాం. బిడ్డలకు మందు మింగించడం. ఇందులో చరిత్ర ఏముంది అనుకోకండి. మన తిరువళ్ళూరు పక్కల ఊళ్ళకు ఈ చరిత్రలో పెద్ద చోటే ఉంది.

ముందు మాట సంగతి. మాలాగా తమిళ మీడియంలో చదివినవాళ్ళకు 'మాత్తిరై' అనగానే గుర్తొచ్చేది ఇలక్కణం క్లాసు. కుఱిల్‌కు ఒక మాత్ర, నెడిల్‌కు రెండు, మెయ్‌కు అర. రెప్ప కొట్టేంత సేపు, చిటికె వేసేంత సేపు ఒక మాత్ర అని అయ్యవారు చిటికె వేసి చూపించేవారు. ఇంటికొస్తే అదే మాట జ్వరానికి మింగే బిళ్ళ. సంస్కృతంలో మాత్ర అంటే కొలత. అక్షరానికి కొలత ఉన్నట్టే మందుకూ కొలత. అయితే మిషను మాత్ర వచ్చాక ఆ కొలత నూరేళ్ళకు పైగా పెద్దవాళ్ళ గొంతుకే తీశారు. బిడ్డ గొంతును ఎవరూ కొలవలేదు. మింగలేకపోతే మొండిఘటం అని బిడ్డనే తిట్టారు, ఇద్దరు దెబ్బలు కూడా వేశారు. తప్పు బిడ్డది కాదని చెప్పడానికే ఇంత రాస్తున్నాం.

మన అవ్వల కాలంలో చంటిబిడ్డకు మాత్ర ఇవ్వడమన్నదే లేదు. అన్నీ నూరేవి, అరగదీసేవి, నాకించేవి. వస, కరక్కాయ, జాజికాయ, మాచికాయ, శొంఠి ఒక్కొక్కటీ రాతి మీద తల్లిపాలతోనో వేణ్ణీళ్ళతోనో రెండు మూడు చుట్లు అరగదీసి ఆ గంధం నాలుకకు రాసేవాళ్ళు. తమిళంలో దీన్ని ఉరైమరుందు అంటారు. వసకు వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు పిళ్ళై వళర్ప్పాన్, అంటే బిడ్డను పెంచేది. మనవాళ్ళు వస నాకిస్తే మాట బాగా వస్తుందనేవాళ్ళు. ఊరికే వాగే పిల్లను వసపిట్ట అనడం ఇప్పటికీ మన ఇళ్ళలో ఉంది.

పోయడానికి ఉగ్గుగిన్నె. తమిళంలో పాలాడై, సంగు అంటారు. కొసన సన్నటి మూతి ఉంటుంది కాబట్టి చుక్క చుక్కగా పోయొచ్చు. గిన్నె మంచిదే, పోసే పద్ధతిలోనే ప్రమాదం ఉండేది. అవ్వ కాళ్ళు చాపుకుని బిడ్డను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, ఊపిరి కోసం నోరు తెరవగానే గొంతులో వంపేది. అలా పోసింది కడుపులోకే పోతుందని నమ్మకం లేదు. ఆముదం, నెయ్యి లాంటి జిడ్డు పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. తేనె కూడా ఏడాది నిండని బిడ్డకు నాకించకూడదని ఇప్పుడు డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు, అందులో బొటులిజం అనే విషరోగం తెచ్చే క్రిమి బీజాలు ఉండొచ్చు. అవ్వల మీద గౌరవం ఉంచుకుంటూనే ఈ రెండూ మానుకోవాలి.

అయినా ఆ కాలపు వైద్యులకు ఒక్క సంగతి బాగా తెలుసు. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో ఒకటి పూర్తిగా పిల్లల వైద్యమే, కౌమారభృత్యం. సిద్ధవైద్యంలో దానికి సాటి బాలవాగడం. మందును ఏదో ఒకదానితో కలిపి ఇవ్వడానికి అనుపానం అని ప్రత్యేకంగా పేరే పెట్టారు. తేనెతోనా, నేతితోనా, పాలతోనా అన్నది రోగిని బట్టి, వయసును బట్టి. అంటే మందును మనిషికి సరిపెట్టేవాళ్ళు.

మిషను వచ్చాక ఇది తిరగబడింది. 1843లో విలియం బ్రాకెడన్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు పొడిని అచ్చులో పెట్టి గట్టిగా నొక్కి బిళ్ళ చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆయనకు కావలసింది మంచి పెన్సిలు. నల్లసీసపు పొడిని నొక్కి పెన్సిలు ముక్క చేయబోతే అదే పద్ధతి మందుకూ పనికొచ్చింది. 1884లో బరోస్ వెల్కమ్ కంపెనీ 'టాబ్లాయిడ్' అని పేరు రిజిస్టరు చేసుకుంది. చౌక, చెడిపోదు, రైల్లో వేలకొద్దీ పంపొచ్చు. పార్సెల్ ఆఫీసులో పనిచేసినవాళ్ళకు గాజుసీసాలకూ బిళ్ళల డబ్బాలకూ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ అచ్చు ఒక్కటే. బిడ్డకు కావాలంటే కత్తితో సగం, పావు.

క్వినైన్ కథ తెలిసిందే. నీలగిరుల్లో 1860లలో సింకోనా తోటలు వేశారు. తపాలా ఆఫీసులో చిన్న పొట్లాలుగా క్వినైన్ అమ్మే ఏర్పాటు 1892లో బెంగాల్లో మొదలై మిగతా చోట్లకూ పాకింది. ఆ చేదు బిడ్డలు కక్కేస్తున్నారని యూక్వినైన్ అని చేదు తెలియని రకం ఒకటి తెచ్చారు, కానీ అది ఖరీదు. పేదింటి బిడ్డకు బెల్లం ముద్దలో క్వినైనే.

మా వయసువాళ్ళకు గుర్తుండే కాలం మిక్చరు కాలం. ఆస్పత్రికి ఇంటినుంచే సీసా పట్టుకుపోవాలి. కాంపౌండరు ఎర్రటి నీళ్ళు పోసి, కాగితాన్ని రంపం పళ్ళలా కత్తిరించి సీసా పక్కన అంటించేవాడు, ఒక పన్ను ఒక వేళకు. బిడ్డకైతే అర పన్ను. మాత్రను కల్వంలో నూరి పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. ఆ కాంపౌండరు చేసిన పనికి ఎవరూ దండ వెయ్యలేదు గానీ పిల్లల కొలత చూసిన ఆఖరి మనిషి ఆయనే అనిపిస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం. టీబీ అంటే ఒకప్పుడు శానటోరియమే గతి. 1928లో పెట్టిన తాంబరం శానటోరియం పేరే అక్కడి రైల్వే స్టేషనుకూ నిలిచిపోయింది. మంచాలు కొన్ని, రోగులు లక్షలు. 1956లో మద్రాసు చేట్‌పట్‌లో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి చేసిన పని. వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు దాన్ని నడిపించారు. పేటల్లో ఉండే పేద రోగుల్లో కొందరిని శానటోరియంలో ఉంచి, కొందరికి ఇంటికే మందులిచ్చి, ఏడాది పాటు చూశారు. 1959లో ఫలితం అచ్చయింది. ఇంట్లో ఉండి మాత్రలు మింగినవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఆ ఇళ్ళలోని పిల్లలకు జబ్బు అదనంగా అంటుకోలేదని కూడా తర్వాతి ఏళ్ళలో తేలింది. ప్రపంచమంతా శానటోరియాలు మూతపడడానికి దారి చూపినవాటిలో ఈ మద్రాసు పరీక్ష ముఖ్యమైనది.

అయితే ఆ ఇంటి వైద్యం మొత్తం బరువు మింగడం మీద పడింది. ఐసోనియాజిడ్ చిన్న బిళ్ళే. దానితో ఇచ్చిన పాస్ అనే మందు మాత్రం రోజుకు గ్రాముల లెక్క, కడుపులో తిప్పే మందు. పెద్దవాళ్ళే పారేసేవాళ్ళు. అందుకే సిబ్బంది చెప్పకుండా ఇంటికొచ్చి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు, మూత్రం పరీక్ష చేసేవాళ్ళు.

1968లో తిరువళ్ళూరు చుట్టుపక్కల ఊళ్ళలో బీసీజీ టీకా మీద పెద్ద పరీక్ష మొదలైంది. చెంగల్పట్టు పరీక్ష అని పుస్తకాల్లో పేరు, మూడున్నర లక్షల జనం ఉన్న ప్రాంతం. ఊపిరితిత్తుల టీబీని ఆ టీకా ఆపలేదని తేలి ప్రపంచమే ఆశ్చర్యపోయింది. చిన్నపిల్లల్లో మెదడుపొరకు వచ్చే టీబీ నుంచి మాత్రం అది కాపాడుతుంది కాబట్టి పుట్టిన బిడ్డకు ఇప్పటికీ వేస్తున్నారు. అది సూది కథ, ఇక్కడ ఆపుదాం.

1999లో ఎదురుగా నిలబడి మందు మింగించే డాట్స్ పద్ధతిని మన జిల్లాలో నమూనాగా నడిపి, ఫలితాలు పరిశీలించారు. పెద్దవాళ్ళకు మొదటి నెలల్లో వారానికి మూడు రోజులు, ఒక్కో పూట ఏడు మాత్రలు. పెద్దవాళ్ళు ఎలాగో మింగేవాళ్ళు. బిడ్డలకు చాలా దేశాల్లో పెద్దవాళ్ళ మాత్రలే విరిచి, నూరి ఇచ్చేవాళ్ళు. విరిచినప్పుడు ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే ఐదేళ్ళలోపు బిడ్డకు జబ్బు లేకున్నా నెలల తరబడి ముందు జాగ్రత్త మందు ఇవ్వాలి. ఒక నెల కాదు, అప్పటి పద్ధతిలో ఆరు నెలలు. ఆరు నెలలూ పొద్దున్నే ఏడుపు, వాంతి అయితే ఏ తల్లి నిలబడుతుంది? సగంలో మానేసిన బిడ్డల్లో కొందరికి మానడానికి కారణం రుచి, గొంతు. ఇది రికార్డుల్లో కనబడదు.

2015 డిసెంబరులో పిల్లల టీబీకి నీళ్ళలో కరిగే మాత్ర వచ్చింది. మూడు మందులు ఒకే బిళ్ళలో, పండు వాసనతో, కొలత పిల్లల బరువును బట్టి. గ్లాసులో కొద్ది నీళ్ళు పోసి వేస్తే కాసేపట్లో కరిగిపోతుంది. తర్వాత మన దేశపు టీబీ కార్యక్రమంలోకీ వచ్చింది. బ్రాకెడన్ నుంచి లెక్కవేస్తే 172 ఏళ్ళు పట్టింది.

మాత్ర దిగకపోతే సిరప్ ఉంది కదా అంటారు. ఆ దారిలోనే పెద్ద దుఃఖం ఉంది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ మందు బిళ్ళగా, పొడిగా దొరికేది. తాగే మందు కావాలని జనం అడిగారని ఒక కంపెనీ దాన్ని డైఎథిలీన్ గ్లైకాల్‌లో కలిపి, పండు రుచి చేర్చి అమ్మింది. అది మూత్రపిండాలను చంపే విషం. వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో చాలామంది పిల్లలు. ఆ దెబ్బకు 1938లో అక్కడ మందుల చట్టం మారింది. 1972లో అదే విషం మద్రాసులో పదిమందికి పైగా బిడ్డలను పొట్టన పెట్టుకుంది. 2022లో గాంబియా. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు ఇరవైమందికి పైగా బిడ్డలు పోయారు. ఆ దగ్గు సిరప్ తయారైంది మన పక్క జిల్లా కాంచీపురంలో. తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో అందులో 48.6 శాతం ఆ విషమే ఉందని తేలింది. మనం బస్సెక్కి పోయి వచ్చేంత దూరంలో జరిగిన పని ఇది. నాలుగేళ్ళలోపు పిల్లలకు కొన్ని జలుబు మందుల మిశ్రమాలు ఇవ్వవద్దని 2023 చివర్లోనే కేంద్రం చెప్పింది. అయినా కొట్లో అడగ్గానే ఇచ్చేస్తున్నారు.

సిరప్‌లన్నీ విషం అనడం లేదు. కానీ పిల్లలకు సాధ్యమైనచోట నీళ్ళలో కరిగే మాత్రే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 నుంచీ చెబుతోంది. నిల్వ ఉంటుంది, కొలత తప్పదు. విరేచనాలకు ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింకు మాత్ర, న్యుమోనియాకు ఇచ్చే అమాక్సిసిలిన్ ఈ రకంలో ఉన్నాయి. డాక్టరు చీటీ రాసేటప్పుడే "కరిగే మాత్ర ఉందా సార్?" అని అడగాలి. అడగడానికి సిగ్గెందుకు?

నులిపురుగుల మాత్ర విషయం కూడా. 2015 ఫిబ్రవరి 10 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తున్న ఆల్బెండజోల్ నమిలి తినేది, మింగేది కాదు. రెండేళ్ళలోపు బిడ్డకు సగం, అదీ పొడి చేసి నీళ్ళతో. 2007లో ఇథియోపియాలో ఇలాంటి కార్యక్రమంలోనే నలుగురు పసిబిడ్డలు మాత్ర గొంతుకు అడ్డుపడి చనిపోయారు. ఏడ్చే బిడ్డ నోట్లో మాత్ర కుక్కకూడదని నియమం పెట్టింది అందుకే.

ఐదారేళ్ళు దాటిన బిడ్డకు మింగడం నేర్పొచ్చు. సైకిలు నేర్పినట్టే, జబ్బు లేని రోజున నేర్పాలి. నిటారుగా కూర్చోబెట్టి ముందు ఒక గుక్క నీళ్ళు. నాలుక మీద ఒక మెతుకు పెట్టి నమలకుండా నీళ్ళతో మింగమనాలి. అది వచ్చాక మన జీరగ మిఠాయి, తర్వాత కొంచెం పెద్దది, నోట్లో కరిగిపోయే మిఠాయి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. కక్కితే మళ్ళీ చిన్నదానికి రావాలి, తిట్టకూడదు. తల బాగా వెనక్కి వంచితే గొంతు బిగుసుకుంటుంది. జర్మనీలో హైడెల్బర్గ్ వాళ్ళు 2014లో పెద్దవాళ్ళ మీద చూసి చెప్పింది ఏమంటే, గొట్టం మాత్ర నీళ్ళలో తేలుతుంది కాబట్టి తల కాస్త ముందుకు వంచి మింగితే సులువు.

అరటిపండు ముక్కలో, పెరుగులో, పొంగలిలో పెట్టి ఇవ్వడం మనకు తెలిసిందే. డాక్టరునో ఫార్మసిస్టునో ఒక మాట అడిగి చేయాలి. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలను, ముఖ్యంగా మూర్ఛకిచ్చే కొన్నిటిని, నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. పాలతో ఇస్తే కొన్ని పనిచేయవు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో 1948లో వచ్చిన ఆరియోమైసిన్ ఆ కోవదే. పాలలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మహానుభావుడి మందును మనం పాలతో పాడుచేయకూడదు కదా. ఆ కుటుంబపు మందులు ఎనిమిదేళ్ళలోపు పిల్లల పళ్ళకు మరక పెడతాయి కాబట్టి వాళ్ళకు మామూలుగా ఇవ్వరు కూడా. ఇంకో మాట, మందును మిఠాయి అని చెప్పి ఇవ్వొద్దు. రేపు డబ్బా దొరికితే మిఠాయి అనుకునే తింటారు.

మీ ఇళ్ళలో పాత ఉగ్గుగిన్నె, కాగితం పళ్ళు అంటించిన మిక్చరు సీసా ఏదైనా మిగిలి ఉంటే ఫోటో తీసి కింద పెట్టండి. వెండిదా కంచుదా, ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో కూడా రాయండి. తిరుత్తణి వైపు సభ్యుల ఇళ్ళలో సంగు ఎక్కువా, ఉగ్గుగిన్నె ఎక్కువా అన్నది మాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం.