శుభలేఖ మీద లేని పేరు

మా ఇంట్లో ఏ శుభకార్యమైనా శుభలేఖ మీద మామయ్యగారి పేరే ఉంటుంది. ఎవరిని ముందు పిలవాలో, అలిగినవాళ్లను ఎలా బుజ్జగించాలో మాత్రం అత్తయ్యగారికే తెలుసు. ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు కుటుంబాలు కూడా ఆవిడ ఫోను చేస్తే ఒకే పందిట్లోకి వస్తాయి. ఈ మధ్య ఇటలీ చరిత్ర చదువుతుంటే ఆవిడే గుర్తొచ్చారు.

15వ శతాబ్దంలో ఫ్లోరెన్స్ నగరాన్ని మెడిచి కుటుంబం నడిపించింది. కొసిమో మెడిచికి కిరీటం లేదు. 1433లో ఆల్బిజ్జి వర్గం ఆయన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టింది కూడా. ఏడాదికే తిరిగొచ్చి ఊరంతా గుప్పిట్లో పెట్టుకున్నాడు. డబ్బు వల్లనా? 1427 పన్ను లెక్కల్లో అందరికంటే ధనవంతుడు పల్లా స్ట్రోజ్జి. ఆయనకే దేశబహిష్కారం తప్పలేదు!

జాన్ ప్యాడ్జెట్, క్రిస్టఫర్ ఆన్సెల్ అనే పరిశోధకులు ఆనాటి పెళ్లిళ్లు, వ్యాపారాల లెక్కలు తీసి 1993లో దీనికి కారణం చెప్పారు. ఆల్బిజ్జి వర్గంవాళ్లు తమలో తామే వియ్యాలందుకున్నారు. అందరూ అందరికీ చుట్టాలే, అందుకే ఒకరి మాట మీద నిలబడలేదు. 1434 సెప్టెంబరులో ఆయుధాలతో రమ్మంటే చాలామంది వెనకాడారు. మెడిచీలు మాత్రం సొంతపేటలో కొత్తగా పైకొచ్చినవాళ్లతో వ్యాపారం, పక్కపేటల పెద్దిళ్లతో వియ్యం పెట్టుకున్నారు. ఈ ఇద్దరికీ ఒకరితో ఒకరికి రాకపోకల్లేవు. ఏ పని కావాలన్నా మెడిచి గడప తొక్కాల్సిందే.

ఆ వియ్యాలన్నీ ఆడపిల్లల మీదుగానే కదండీ! కొసిమో భార్య కాంతెస్సీనా పాత బార్డి వంశం పిల్ల. కోడలు లుక్రేజియా 1467లో కొడుకు లొరెంజోకి పిల్లను చూడ్డానికి రోమ్ వెళ్లింది. పిల్ల పొడగరి, తెల్లగా ఉంది, తల కాస్త వంచి నడుస్తుంది, సిగ్గు కాబోలు, మన పిల్లలంత అందగత్తె కాదు అని భర్తకు ఉత్తరం రాసింది. అచ్చం మన పెళ్లిచూపులే! ఆ పిల్ల క్లారిచే ఒర్సీని. కార్డినళ్లు, సేనానులు ఉన్న ఇంటి పిల్ల. 1469లో పెళ్లయింది. ఆ అమ్మాయి మనసులో ఏముందో ఆ ఉత్తరంలో లేదు.

చరిత్రలో కొసిమో, లొరెంజోల పేర్లే పెద్దక్షరాల్లో ఉంటాయి. మా శుభలేఖల్లాగే.

అత్తయ్యగారికి ఈమధ్య చూపు ఆనడం లేదు. ఆవిడ పాత డైరీలోని నంబర్లు నేనే కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. ఒక్కో పేరు దగ్గరా ఆగి, వీళ్లతో ఎలా మాట్లాడాలో చెబుతున్నారు. అది కూడా రాసుకుంటున్నాను. వచ్చే శుభలేఖలో ఆవిడ పేరే ముందుండాలని మామయ్యగారికి చెప్పేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోను.