ఆశ్రయదుర్గమా, ఆవాసదుర్గమా? : బ్యూరాబుర్గ్ శిథిలాల సాక్ష్యం

జర్మనీలోని హెస్సే ప్రాంతంలో, ఫ్రిట్స్‌లార్ పట్టణ సమీపాన, ఎడర్ నదీలోయను ఆనుకొని ఉన్న కొండపై బ్యూరాబుర్గ్ కోట శిథిలాలు ఉన్నాయి. క్రీ.శ. 8వ శతాబ్దిలో ఇది సాక్సన్ల దిశగా ఫ్రాంకుల రాజ్యానికి సరిహద్దు ప్రాంతం. ఆపత్కాలంలో పరిసర గ్రామాల ప్రజలు తలదాచుకొనే ఆశ్రయదుర్గంగా దీనిని పేర్కొనడం పరిపాటి. ఈ నిర్ణయం కోట జీవితమంతటికీ వర్తిస్తుందా అన్నది పరిశీలించదగిన విషయం.

ఆశ్రయదుర్గమన్న భావనకు మూలం ఫ్రాంకుల రాజవార్షికాలు. 773–774లో చార్లమేన్ ఇటలీ దండయాత్రలో ఉండగా సాక్సన్లు సరిహద్దుపై విరుచుకుపడ్డారు. భీతిల్లిన ప్రజలు కోటలో ప్రవేశించగా, శత్రువులు వెలుపలి ఇండ్లను తగులబెట్టారు. అనంతరం ఫ్రిట్స్‌లార్ చర్చికి నిప్పు పెట్టబోగా, శ్వేతవస్త్రధారులైన ఇద్దరు యువకులు కనిపించారనీ, సాక్సన్లు బెదిరి పారిపోయారనీ వార్షికాలు చెబుతాయి. కథనానికి కేంద్రం చర్చి మహిమ. కోట ప్రస్తావన ప్రాసంగికం. ఆ ప్రస్తావన ఒక సంఘటనకు సాక్ష్యమే తప్ప కోట నిత్యజీవితానికి వివరణ కాదు.

అంతకు మూడు దశాబ్దాల ముందు, 742లో, బోనిఫేస్ పోప్ జకరియాస్‌కు రాసిన లేఖలో మూడు బిషప్ పీఠాల స్థాపనను నివేదించాడు. అందులో పదప్రయోగం గమనార్హం. వ్యూర్ట్స్‌బుర్గ్‌ను ‘కాస్తెల్లుం’ అనీ, ఎర్ఫుర్ట్‌ను ‘లోకుస్’ అనీ పేర్కొన్న బోనిఫేస్, బ్యూరాబుర్గ్‌ను ‘ఒప్పిదుం’ అన్నాడు. మొదటిది కోట, రెండవది స్థలం. మూడవది ప్రాకారం గల జనావాసాన్ని సూచించగల పదం. పల్లెలలోను, చిన్న పట్టణాలలోను బిషప్పులను నియమించరాదన్న నియమాన్ని పోప్ తన ప్రత్యుత్తరంలో గుర్తుచేశాడు. అంటే ఆ స్థలాల జనసాంద్రత నాడే చర్చనీయాంశమైంది.

ఈ చర్చలో నేల చెప్పిన సాక్ష్యం కీలకమైనది. 1926–1931 మధ్య యోసెఫ్ ఫోండెరావ్, 1960ల చివరి నుండి నోర్బెర్ట్ వాండ్ జరిపిన తవ్వకాలలో సున్నంతో కట్టిన రాతిగోడ, కందకాలు, గోడ లోపలి అంచు వెంబడి కట్టడాల జాడలు బయటపడ్డాయి. అత్యవసర వేళల్లో మాత్రమే తెరిచే కోటలో ఇటువంటి స్థిరనిర్మాణాలు, బిషప్ పీఠం ఉండడం పొసగదు.

మొదటి బిషప్ విట్టా తరువాత పీఠం మైన్ట్స్‌లో కలిసిపోయింది. 804లో సాక్సన్ యుద్ధాలు ముగియడంతో ఆ సరిహద్దుకు ప్రాధాన్యం తగ్గింది. కొండపై సెయింట్ బ్రిగిడా చర్చి నిలిచింది. దిగువన ఫ్రిట్స్‌లార్ ఎదిగింది.

కాబట్టి బ్యూరాబుర్గ్ ప్రధానంగా ఆవాసదుర్గం. ఆశ్రయమివ్వడం దాని సందర్భోచిత కర్తవ్యం. ఒక్క సంవత్సరపు భయాన్ని నమోదు చేసిన వాక్యం నుండి శిథిలానికి శాశ్వతనామం కల్పిస్తే, ఆ గోడల వెంబడి బతికినవారు చరిత్రలో కనిపించకుండా పోతారు.