జిగురు ఎవరిది? పేరు ఎవరిది?

ఎండలో చూస్తే రాతికి అంటుకున్న నల్లని, పెళుసైన పొర. నాలుగు చినుకులు పడగానే నీరు పీల్చుకొని ఉబ్బి, జున్నులా మెత్తబడుతుంది. ఐరోపాలో సున్నపురాళ్ళపై తరచుగా కనిపించే ఈ జిగురు లైకెన్ పేరు కొలీమా. జిగురును సూచించే గ్రీకు మాటనుంచి వచ్చిన పేరది. జీవశాస్త్రంలో ఒక పెద్ద వివాదానికి బీజాలు ఇటువంటి లైకెన్లలోనే ఉన్నాయి.

పంతొమ్మిదో శతాబ్దపు మధ్యభాగం వరకు లైకెన్ అంటే ఒకే మొక్క అని పండితుల నమ్మకం. లోపలి పచ్చని పూసలు దాని సొంత అవయవాలే అనుకునేవారు. కానీ కొలీమాను సూక్ష్మదర్శినిలో చూస్తే, తడినేలపై స్వతంత్రంగా పెరిగే నాస్టాక్ పూసలదండలే కనిపించేవి. 1866లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ రెండు అవకాశాలను ముందుంచాడు: నాస్టాక్ ఈ లైకెన్‌కు అపరిపక్వ రూపమైనా కావాలి, లేదా నాస్టాక్‌లో శిలీంధ్రం చొరబడగా ఏర్పడినదే ఈ లైకెన్ కావాలి. ఏది నిజమో తేల్చలేదు.

ఆ మరుసటి ఏడే స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండెనర్ లైకెన్లన్నీ జంటజీవులేనని ప్రకటించాడు. శిలీంధ్రం యజమాని, శైవలాలు బానిసలు అన్నది ఆయన ఉపమానం. లైకెన్ల వర్గీకరణకే జీవితం ధారపోసిన నైలాండర్ వంటివారికి ఇది మింగుడుపడలేదు. మరి, వారు పేర్లు పెట్టిన మొక్కలు మొక్కలే కాకుండా పోతున్నాయి!

1871లో మాక్స్ రీస్ కొలీమా సిద్ధబీజాలను నాస్టాక్‌పై చల్లాడు. మొలిచిన శిలీంధ్రపు పోగులు జిగురులోకి చొచ్చుకుపోయాయి. డి బారీ చెప్పిన రెండో అవకాశానికే బలం చేకూరింది. 1878లో కాసెల్ నగరంలో చేసిన ప్రసంగంలో డి బారీ, భిన్నజీవులు కలిసి బతకడాన్నంతా 'సింబయోసిస్' అన్నాడు. సహజీవనం అనగానే మనకు పరస్పర మేలే స్ఫురిస్తుంది. ఆయన నిర్వచనంలో పరాన్నజీవనానికీ చోటుంది.

నాస్టాక్‌ను నేడు సయనోబాక్టీరియాగా గుర్తిస్తున్నాం. సూర్యకాంతితో ఆహారం తయారుచేసేది అదే. హెటిరోసిస్టులనే ప్రత్యేక కణాలలో గాలిలోని నత్రజనిని స్థాపించేదీ అదే. శిలీంధ్రం ఆ జిగురు ముద్దకు రూపమిచ్చి, రాతిని పట్టుకుంటుంది. నాస్టాక్ ఒంటరిగానూ బతకగలదు. ఇక యజమాని ఎవరు, బానిస ఎవరు?

నామకరణ నియమాల ప్రకారం లైకెన్‌కు పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. కొలీమాలోని జిగురు ప్రధానంగా నాస్టాక్‌ది. ఆ జిగురునుబట్టి వచ్చిన పేరు మాత్రం శిలీంధ్రానిది. ష్వెండెనర్ ఉపమానం పాతబడింది కానీ, పేరులో యజమాని ఇంకా యజమానిగానే ఉన్నాడు.