గోదావరి లోగిళ్లలో పెరటితోట

చరిత్ర యనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధములు గుర్తునకు వచ్చును. గోదావరి సీమ చరిత్ర యన్నచో ధవళేశ్వరము ఆనకట్ట తలపునకు వచ్చును. కాని యింటి వెనుకనున్న నాలుగు మడులకును ఒక చరిత్ర కలదు. దానిని వ్రాసినవారు తక్కువ. కాపాడినవారు మన గృహిణులు.

డెల్టా పల్లెలలోని పెరటిలో పూవునకును కూరకును నడుమ గట్టు కనబడదు. నూతి చప్టా ప్రక్కను చక్కెరకేళి, దాని నీడను కంద; పందిరిపై దొండ, ఆనప; దడి వెంబడి బచ్చలి, మందార, నందివర్ధనము; తులసికోట చుట్టును బంతి, కనకాంబరము. స్నానపు నీరు అరటిపాదునకు పోవును. పొయ్యిలోని బూడిద దొండపాదునకు పట్టిన పురుగును అణచును. మందార పూజకు, కందయు బచ్చలియు కూరకు. నేటికిని పెండ్లి విస్తరిలో గౌరవము పొందు కందబచ్చలి కూర యీ పెరటి సంపదయే.

ఈ మొక్కలన్నియు ఈ నేల బిడ్డలే యని మనము తలంతుము. వంగ, మునగ, కరివేప మన దేశమువే. కాని మిరప 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలవెంట అమెరికా ఖండమునుండి వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు కారమిచ్చినది మిరియము. బంతి, చంద్రకాంత, జామ, బొప్పాయి కూడ అమెరికావే. బిళ్లగన్నేరు మడగాస్కరు దీవిది. మన అభిమాన శాకమగు గోంగూరకు సైతము పుట్టినిల్లు ఆఫ్రికా యని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. నరసాపురము, కోరంగి రేవులలో దిగిన పరదేశ వర్తకులు వెడలిపోయిరి. మొక్కలు మాత్రము మన యింటివైనవి.

1832-33 నాటి నందన కరవులో, నది చెంతనే పారుచున్నను, ఈ సీమ ఆకలికి గురియైనది. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ప్రారంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాలువలు పొలములను తడుపుటయే గాక ఊరి నూతులకు ఊటయైనవి. పెరటికిని ప్రాణము వచ్చినది.

అయినను నీరే అపాయమైన దినములును కలవు. 1953లోను, 1986 ఆగస్టులోను గోదావరి పొంగి లంకలను ముంచినది. మునిగిన తోట మరల లేచుట యెట్లు? చూరున వ్రేలాడదీసిన ఎండు ఆనపకాయలో విత్తనము దాగియుండును. దొండ, బచ్చలి, మల్లె, మందార మొదలగువానికి విత్తనముతో పనిలేదు. పొరుగింటి కొమ్మ చాలును. కనుక ఇచ్చిన యింటి తోట పోయినను, పుచ్చుకొన్న యింట అది బ్రతికియుండును. కొమ్మలు పంచుకొనుటయే పెరటికి భద్రత.

కొమ్మ నాటుట, అంటు గట్టుట యను ఈ నేర్పే కడియము, కడియపులంకలలో జీవనోపాధిగా పెరిగినది. కాలువ నీరు, ఒండ్రుమట్టి తోడై, అచటి నర్సరీల మొక్కలు నేడు పరరాష్ట్రములకును పోవుచున్నవి.

కాని ఆ మొక్కలను పంపు సీమలోనే పెరళ్లు తరుగుచున్నవి. వాటాలలో స్థలము చీలినది; మిగిలినదానిపై సిమెంటు పరచితిమి. పోవునది నాలుగు కూరగాయలు మాత్రమే కాదు. ఏ యింటి ఆనప తీయనిదో, ఏ వంగ ముదిరినను చేదెక్కదో ఎరిగిన తెలివియు, గోడమీదుగా కొమ్మ నందించు చుట్టరికమును పోవును. స్థలము లేనివారికి డాబామీద రెండు కుండీలైన చాలును. ఒకదాన బచ్చలి, ఒకదాన మల్లె నాటుదము. చిగిర్చిన కొమ్మను పొరుగువారికి ఇత్తము.