కాలమునకు కొత్త కొలపాత్ర: డెబియన్ 13వ కూర్పు కథ

మన పంచాంగమున సంవత్సరములకు అరువది పేర్లు కలవు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసిన పిమ్మట మరల ప్రభవయే వచ్చును. పేరు మాత్రమే చెప్పినచో అది తాతగారి కాలపు ప్రభవయో, మనుమని కాలపు ప్రభవయో తెలియదు. అందుచేతనే శాసనములు వేయించినవారు సంవత్సర నామముతో పాటు శకవర్షమును కూడ తరచుగా చెక్కించిరి. చిన్న లెక్క తిరిగి మొదటికి వచ్చునప్పుడు దానికి పెద్ద లెక్క ఒకటి తోడుండవలెనని వారెరుగుదురు. నేటి కంప్యూటర్లకును అట్టి అవసరమే వచ్చినది. ఆ అవసరమును తీర్చుటకు జరిగిన పెద్ద ప్రయత్నములలో ఒకటి 2025 ఆగస్టు 9వ తేదీన వెలువడిన డెబియన్ 13వ కూర్పు.

డెబియన్ అనగా ఏమో ముందుగా చెప్పుకొందము. కంప్యూటరు చేత పనిచేయించు మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. అట్టివానిలో డెబియన్ ఒకటి. 1993 ఆగస్టు 16వ తేదీన, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న ఇయాన్ మర్డాక్ దీనిని ప్రకటించెను. తన ప్రియురాలు డెబ్రా పేరును తన పేరును కలిపి దీనికి నామకరణము చేసెను. ఇది ఒక వ్యాపార సంస్థ సొత్తు కాదు. అనేక దేశముల స్వచ్ఛంద కార్యకర్తలు దీనిని నిర్మించుచున్నారు. ఎవరైనను దీనిని ఉచితముగా పొందవచ్చును, లోపలి వ్రాతను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 1997లో వీరు తమకు తాము ఒక సామాజిక ఒడంబడిక వ్రాసికొనిరి. లోపములను దాచిపెట్టబోమనుట అందలి వాగ్దానములలో ఒకటి. కూర్పులకు 'టాయ్ స్టోరీ' చలనచిత్రములలోని పాత్రల పేర్లు పెట్టుట వీరి ఆచారము. 13వ కూర్పు పేరు ట్రిక్సీ.

ఇక కాలము సంగతి. 1971లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలగువారు రూపొందించిన యూనిక్స్ వ్యవస్థకు మొదటి కరదీపిక వెలువడెను. ఆనాటి యూనిక్స్ కాలమును సెకండులో అరువదవ వంతు చొప్పున లెక్కించెడిది. ఆ లెక్కకు కేటాయించిన చోటు 32 బిట్లు, అనగా ఒకటియో సున్నయో వ్రాయదగిన 32 గడులు. అవి రెండేండ్ల పైచిలుకు కాలముననే నిండిపోవునని ఆ కరదీపికయే హెచ్చరించినది. తరువాత ఆ లెక్కను సెకండ్లకు మార్చి, 1970 జనవరి 1వ తేదీని ఆరంభముగా నిర్ణయించిరి. ఆ పద్ధతియే లోకమంతట వ్యాపించెను.

గడుల సంఖ్య మాత్రము మారలేదు. ఋణ ధన చిహ్నమునకు ఒక గడి పోగా, మిగిలిన 31 గడులలో ఇముడు అత్యధిక సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. అన్ని సెకండ్లు గడచుటకు 68 సంవత్సరములు పట్టును. ఆ గడువు 2038 జనవరి 19వ తేదీ మంగళవారమునాడు, మన గడియారముల ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు తీరును. మరుసటి సెకండున లెక్క తిరుగబడి, యంత్రము తాను 1901 డిసెంబరు 13వ తేదీన ఉన్నట్లు తలచును. రేడియో నిలయమున సెకండు ముల్లును చూచుచు పనిచేయు మాకు ఈ మాట వినినంతనే గుండె ఝల్లుమనును.

2038 దూరమని ఊరకుండరాదు. 2018లో ఇరువది ఏండ్ల గడువుతో గృహఋణము తీసికొనిన కుటుంబమునకు చివరి వాయిదా ఆ హద్దు దగ్గరనే పడును. అట్టి ఋణమును లెక్కించు యంత్రము ఆ తేదీని ఋణమిచ్చిన నాడే వ్రాసికొనవలెను గదా! కర్మాగారములలో అమర్చిన చిన్న యంత్రములు పది పదునైదేండ్లు మార్పు లేక పనిచేయుచుండును. 2000 సంవత్సరము రాకముందు ఇట్టి చిక్కే ఏర్పడగా, దానిని సరిచేయుటకు మన తెలుగు యువకులనేకులు విదేశములకు వెళ్లిన సంగతి పాఠకులకు గుర్తుండును.

గడులను 64కు పెంచినచో సరిపోవును. అప్పుడు గడువు సుమారు 29,200 కోట్ల సంవత్సరములకు పెరుగును. చెప్పుటకు సులభమైన ఈ పని చేయుటకు కష్టమైనది. 1957 ఏప్రిల్ 1న మన దేశమున నయా పైసలు వచ్చినప్పుడు అణాలు, పైసలు కొంతకాలము కలిసి చెల్లినవి. అంగడివాడు మనసులో మారకము కట్టుకొనెను. ప్రోగ్రాములకట్టి నేర్పు లేదు. ఒకటి 64 గడులలో కాలము చెప్పగా, మరియొకటి 32 గడులే చదివినచో లెక్క తారుమారగును. కావున కాలముతో సంబంధమున్న ప్రోగ్రాములన్నిటిని ఒక్కసారిగా మరల నిర్మింపవలసి వచ్చినది. 2024 ఆరంభమున ఈ పని సాగినది. దీనికి ముందు నిలిచినవారిలో స్టీవ్ లాంగసెక్ ఒకరు. పూర్వము కూర్పుల విడుదల బాధ్యతను వహించిన అనుభవజ్ఞుడాయన. 2025 జనవరి 1వ తేదీన ఆయన మరణించెను. తాను పాటుపడిన కూర్పు వెలువడుట ఆయన చూడలేదు.

ఈ మార్పు అందరికిని అందలేదు. పాత ఇంటెల్ జాతి 32 బిట్ల యంత్రములను మాత్రము పాత లెక్కతోనే ఉంచిరి. పాత ప్రోగ్రాములను నడుపుటయే వాని ముఖ్యోపయోగము గనుక, లెక్క మార్చినచో ఆ ప్రోగ్రాములు పాడగును. పైగా 13వ కూర్పునందు ఆ జాతికి మూల కెర్నెలును గాని, స్థాపన సాధనమును గాని ఇచ్చుట మానిరి. ఇరువది ఏండ్ల నాటి యంత్రముతో పిల్లలకు పాఠములు చెప్పుకొను బడికి ఇది కష్టమే. అయినను నిర్మాతలు ఈ సంగతిని దాచలేదు. అట్టి యంత్రములు గలవారు ఈ కూర్పునకు మారవలదని విడుదల పత్రముననే వ్రాసిరి. ఒడంబడికలోని మాట ఇచ్చట పరీక్షకు నిలిచినదని మా అభిప్రాయము.

కొత్తగా వచ్చినవియు కలవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో 2010లో పుట్టిన రిస్క్-ఫైవ్ అను యంత్రజాతికి తొలిసారి అధికారిక స్థానము లభించినది. 14,100కు పైగా కొత్త ప్యాకేజీలు చేరినవి. కాలము చెల్లిన 8,840కి పైగా తొలగినవి. మొత్తము సంఖ్య సుమారు 69,800. స్థాపన సమయమున తెరపై తెలుగును ఎంచుకొను వీలును కలదు.

పాత కూర్పు నుండి మారదలచినవారు కొన్ని నియమములు పాటింపవలెను. మొదట తమ పత్రములను, ఛాయాచిత్రములను వేరొక చోట భద్రపరచుకొనవలెను. విడుదల పత్రమును పూర్తిగా చదువవలెను. మెట్టు విడిచి దూకరాదు. 11వ కూర్పులో నున్నవారు ముందు 12నకు, పిదప 13నకు రావలెను. తాత్కాలిక దస్త్రములుంచు చోటు ఇప్పుడు సాధారణముగా జ్ఞాపకశక్తిలోనే ఉండును గనుక, యంత్రము ఆపినచో అవి పోవును. అచ్చట ముఖ్యమైనదేదియు ఉంచరాదు.

కొత్త కూర్పు అనగానే తెరపై మెరయు మార్పులను వెదకుట మన అలవాటు. ఈ కూర్పున జరిగిన ముఖ్యమైన పని కంటికి కనబడదు. 2038 జనవరి 19వ తేదీ ఉదయము ఏమియు జరుగకుండుటయే దాని ఫలము. ఆనాడు ఈ యంత్రములు యథాప్రకారము మరుసటి సెకండును లెక్కించినచో, 2024లో రాత్రింబవళ్లు శ్రమించినవారి పేర్లు ఎవరికిని గుర్తురాకపోవచ్చును. అందుచేతనే వారిని ముందుగనే తలచుకొనుట మా ధర్మమని భావించితిమి.