వెలివాడ చరిత్ర – 17: పట్టా పెట్టెల, జాగ కోర్టుల



యాదగిరిగుట్ట చుట్టుపక్కల ఇండ్ల జాగల గురించి రాయమని చాలామంది అడుగుతున్నారు. చేతిలో పట్టా ఉంటది, జాగ యాడుందో చూపెట్టేటోడు ఉండడు. ఈ రోగం కొత్తది కాదు. దీని పుట్టుక కోర్టు తీర్పుల్లో ఉంది.

ఇండ్ల జాగ కేసు అంటే మనోళ్లు సర్కారు మీద వేసింది అనుకుంటాం. నేను చదివిన పెద్ద తీర్పుల్లో కథ తిరగబడి ఉంది. కేసు వేసింది భూమి గల ఆసామి. జవాబుదారు సర్కారు. జాగ ఎవరికోసమో వాళ్ల మాట వినేటందుకు అక్కడ ఎవరూ లేరు.

1894 భూసేకరణ చట్టంలో సెక్షన్ 5ఏ కింద ఆసామి అభ్యంతరం చెప్పుకోవచ్చు. అత్యవసరమైతే 17(4) కింద ఆ విచారణ లేకుండానే భూమి తీసుకోవచ్చు. హరిజనుల ఇండ్ల జాగలకు మన రాష్ట్రంలో ఈ సెక్షన్ వాడారు. ఆసాములు హైకోర్టుకు పోయారు. వాళ్ల వాదన చూడండి: నోటిఫికేషన్ ఇచ్చి ఆఫీసర్లు ఇన్నాళ్లు ఊరుకున్నారు, ఇంక అత్యవసరం ఎక్కడిది? అంటే ఆఫీసర్ నిద్రపోతే ఆ నిద్ర కూడా ఆసామికే అక్కరకొచ్చింది.

1975 ఏఐఆర్‌లో అచ్చైన కాసిరెడ్డి పాపయ్య కేసులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఈ వాదనను తిప్పికొట్టారు. హరిజనుల ఇండ్ల దుస్థితికి కోర్టు ముందు వేరే రుజువు అక్కర్లేదన్నారు. దీన్ని అత్యవసరం చేసింది చరిత్రేనని, ఆలస్యమైనకొద్దీ అవసరం పెరుగుతది తప్ప తగ్గదని రాశారు. దురుద్దేశం ఉంటే తప్ప, అధికారుల జాప్యంతో సేకరణ చెల్లకుండా పోదు.

గొప్ప తీర్పే. కానీ నాకు ఒక పేచీ ఉంది. జాప్యం చేసినోడికి శిక్ష ఏది? జాగ ఫలానా తేదీలోపు చూపెట్టాలనే గడువు ఏది? ఆసామి నోరు మూయించిన ఆ సూత్రమే, ఆఫీసర్‌ను కూడా వదిలేసింది.

ఇరవై ఏండ్ల తర్వాత, 1995 డిసెంబర్‌లో, సుప్రీంకోర్టులో చమేలీ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఎస్సీల ఇండ్ల కోసం తీసుకున్న భూమి, అదే 17(4), అదే వాదన. తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పోయిన మన దళిత బిడ్డ. చిన్నప్పరెడ్డి మాటలను ఆయన మళ్లీ ఎత్తి చూపారు. నివాసం ఆర్టికల్ 21లో భాగమన్నారు. నివాసమంటే నెత్తిమీద కప్పు ఒక్కటే కాదు, నీళ్లు, వెలుతురు, పారిశుధ్యం, రోడ్డు కూడా అన్నారు. ఊరవతల రాళ్లగుట్ట మీద జాగ ఇచ్చి చేతులు దులుపుకునే తహసీల్దార్లకు ఈ పేరా ప్రింటు తీసి ఇవ్వాలి.

దీని పక్కన ఇంకో తీర్పు పెట్టి చూడండి. 1993 నవంబర్ 5, లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసు. పైసలు కట్టినోళ్లకు ఇల్లు, ప్లాటు అప్పజెప్పకపోతే అది సేవాలోపమని సుప్రీంకోర్టు తేల్చింది. వేధించిన ఆఫీసర్ జేబులోంచే పరిహారం వసూలు చేయొచ్చని కూడా అన్నది. పైసలు కట్టినోడు వినియోగదారుడు. ఉచిత పట్టా తీసుకున్న మన అవ్వ ఆ చట్టంలో వినియోగదారు కాదు, ఎందుకంటే ఆమె ఏమీ కట్టలేదు. జాప్యం ఒక్కటే, ఒకరికి పరిహారం, ఇంకొకరికి ఎదురుచూపు.

ఇగ మన గుట్ట దగ్గరికొద్దాం. 2022 మార్చి 28న కొత్త గుడి తెరుచుకుంది. అంతకుముందే చుట్టూ వెంచర్లు లేచాయి, రేట్లు పెరిగాయి. రేటు పెరిగినకొద్దీ స్టే తెచ్చుకోవడం ఆసామికి లాభం. మనకేమో 1977 నాటి 9వ నంబరు చట్టం, ఇండ్ల జాగైనా సరే, అసైన్‌మెంటుదైతే అమ్మొద్దంటది. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలన్నది. కానీ జాగ మీద అడుగే పెట్టనోళ్లకు ఆ హక్కు అడగడం ఎంత కష్టమో తెలిసిందే.

పైగా 2014 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త భూసేకరణ చట్టం అత్యవసర అధికారాన్ని దేశ రక్షణకు, ప్రకృతి విపత్తులకు, పార్లమెంటు ఒప్పుకున్న అత్యవసరాలకు కుదించింది. రైతు పోరాటాల ఫలితం అది, తప్పుబట్టను. కానీ ఇండ్ల జాగలకు చిన్నప్పరెడ్డి నిలబెట్టిన ఆ దారి మూసుకుపోయింది. దాని మీద మనలో చర్చే జరగలేదు.

మీ ఊళ్లో పట్టాలుండి జాగ లేనోళ్లుంటే, ఆర్టీఐ కింద ముందు రెండే అడగండి: భూమి స్వాధీనం చేసుకున్న పంచనామా, ప్లాట్ల లేఅవుట్ నక్ష. పంచనామా లేదంటే భూమి ఇంకా ఆసామి చేతిలోనే ఉండొచ్చు. ఉందంటే, హద్దురాళ్లు ఎందుకు పాతలేదో జవాబు చెప్పాల్సింది రెవెన్యూ ఆఫీసే.